రెండు చేతులు లేపు

ఇంద్రేశంలో పెంటయ్య పొద్దున్నే ఫ్యాక్టరీకి బయల్దేరబోతూ చాయ్ తాగుతున్నాడు. చాయ్ మూతి పక్కనుంచి అంగీ మీదికి కారింది. అది చూసి భార్య బాలమణి దగ్గరికొచ్చి నిలబడింది.

“ఏమయ్యా, ఒకసారి నవ్వు.”

“పొద్దుగాల్నే నవ్వుడేందే? ఏం దావతున్నదని?”

“నవ్వుమంటే నవ్వు.”

నవ్వాడు. మూతి ఒక పక్కకే పోయింది.

“ఇగ రెండు చేతులు లేపు.”

“నేనేమన్న దొంగనా?”

లేపాడు గానీ, ఎడమ చెయ్యి జారి కిందపడింది.

“ఎడమ చెయ్యేది?”

“రెండూ పైనే ఉన్నయి. నీకే కండ్లు కనవడ్తలేవు.” మాట ముద్దముద్దగా వచ్చింది.

“ఇది పక్షవాతమే! మొన్న బీపీ క్యాంపుల డాక్టరు గివే గుర్తులు జెప్పిండు గద. బీపీ గోళీలు మింగకపోతివి, బీడీలు బంద్ జెయ్యకపోతివి. నడు దవాఖానకు!”

“డ్యూటీకి లేటయితది. జెరసేపు పంటే అదే తగ్గుతది.”

“పండుడు లేదు, గిండుడు లేదు!”

ఆటో పిలిచి ఎక్కించింది. దారిలో పెంటయ్య చిరాకుపడ్డాడు.

“ఎవనిదో చెయ్యి నా తొడ మీద వడ్డది. తియ్యమను.”

“అది నీ ఎడమ చెయ్యేనయ్యా!”

“నాది కాదు.”

“గట్లయితే నాది,” అంటూ బాలమణి ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. “జల్దీ తెచ్చినవమ్మా, చెయ్యి దక్కుతది” అని దవాఖానలో డాక్టరు చెప్పేదాకా విడవలేదు.