సన్నగా, మెత్తగా, కొంచెం అలలుగా

“సాంపు అంటే ఏ సాంపన్నా? గోడకంతా అవే ఉండాయి సూడు. ఎట్లాంటి ఎంటికెలకు కావాల్నో అది చెప్పు ముందు.”

“ఆడమనిషికి.”

ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర ఒక ఫ్యాన్సీ షాపు. గాజులకూ రిబ్బన్లకూ మధ్య ఎక్కడ కాలు పెట్టాలో తెలియక నిలబడ్డ మనిషి సాల్మన్ రాజు. జమ్మలమడుగు దగ్గర బండలకు పాలిష్ పెట్టే మిషన్ మీద పని అతనిది, ఇలాంటి షాపు గడప తొక్కడం ఇదే మొదలు. కౌంటర్ వెనక ఉన్నది అఫ్సానా, షాపు ఆమెదే. అంతకు మించి మనం చెప్పేదేముంది, మిగిలింది వాళ్ళ నోటనే వినాలి.

“ఆడమనిషికని నాకూ తెలుసు. ఎంటికెలు ఎట్లుంటాయి?”

“ఎట్లుంటాయి... ఎంటికెల మాదిరే ఉంటాయి.”

“అది కాదన్నా. లావా, సన్నమా? నిలువా, రింగులా? జిడ్డు కారతాయా, ఎండుగడ్డి మాదిరా?”

“ఇన్ని రకాలుంటాయా?”

“ఉండబట్టే ఇన్ని డబ్బాలు. ఎవరికి, ఇంట్లో వదినకా?”

“ఊ. ఆమెకే. రెబెకాకు.”

“ఫోన్లో ఫోటో ఉంటే చూపీ.”

“ఫోటోలో యాడ కనపడతాయి మ్మా. కొప్పు, కొప్పు మీద కొంగు. చర్చికి పొయ్యే మనిషి, కొంగు దిగదు.”

“ఇంట్లో కూడా దిగదా?”

“నేను పొద్దున్నే పనికి పోతా. దుమ్ము కొట్టుకోని వస్తా. తింటా, పడుకుంటా. పెండ్లాం ఎంటికెలు ఎవరు చూస్తారు?”

“బాగుంది. చూడని ఎంటికెలకు సాంపు కొననీకి వచ్చినావు.”

“చూడలేదని యాడంటి? చూసినా. మొన్ననే చూసినా, అరచేతిలో పెట్టుకోని చూసినా. సన్నగా ఉండాయి. మెత్తగా, పట్టుదారం మాదిరి. కొంచెం అలలుగా ఉండాయి. రింగులు కాదు, ఊరికే అట్ల రవ్వంత వంపు.”

“ఆ, ఇప్పుడు చెప్పినావు. ఆ రకం శానా నాజూకన్నా. నూనె ఎక్కువైతే నెత్తికి అతుక్కుంటాయి, తక్కువైతే లేచి నిలబడతాయి. వదిన ఏం పూస్తాది?”

“టెంకాయ నూనె.”

“చెంబుడు పూస్తాదేమో. సన్న ఎంటికెలు ఆ బరువు మోయలేవు. నీళ్ళో?”

“బోరు నీళ్ళే. బక్కెట్టుకు తెల్లగా గార పడతాది.”

“ఇంగేం. ఆ నీళ్ళకు ఏ సాంపూ నురగ రాదు. సరే, ఇది తీసుకో, తేలికగా ఉంటాది. ఇది కండీషనరు, కొసలకు మాత్రమే పూయాల, నెత్తికి తగలనీయొద్దని చెప్పు. తడి ఆరకముందే పెద్ద పండ్ల దువ్వెనతో...”

“ఇది పూస్తే మొలుస్తాయా?”

“మొలిచేదేంది? ఇది కడిగేదన్నా.”

“కడిగేది కాదు మ్మా. మొలిచేది కావాల. బిరీన మొలిచేది.”

“రాలిపోతాండాయా వదినకు?”

“రాల్తానే ఉంటాయి గదా ఆడోళ్ళకు.”

“ఏమన్నా జ్వరమొచ్చి లేసిందా?”

“లేదు లేదు.”

“మరి నీకెందుకింత ఆత్రం? ఆమె పంపించిందా నిన్ను?”

“ఆమెకు తెల్దు. ఆమె ఈ పక్కన కంటాస్పత్రిలో కూర్చోనుండాది, డాక్టరు ఇంగా రాలేదు. టీ తాగొస్తానని చెప్పి ఇట్ల వచ్చినా.”

“కండ్లకేమైంది?”

“వాచినాయి. నీళ్ళు కారతానే ఉండాయి.”

“దుమ్ము పడిందా?”

“దుమ్ము కాదు.”

“మరేంది?”

“నేను చేసిన పని. చెప్తే నవ్వుతావు.”

“నవ్వనులే. చెప్పు.”

“చిక్కు ఎంటికెలోడు వచ్చినాడు మా వీధిలోకి. బండికి మైకు కట్టుకోని, ఎంటికెలకు గిన్నెలు, ఎంటికెలకు గిన్నెలు అంటా.”

“మా వీధికీ వస్తాడు. దువ్వుకున్నప్పుడు ఊడినవి నేనూ చుట్టి గూట్లో పెడతా. అయితే?”

“ఆ పొద్దు కరెంటు లేదని మిషన్ నిలిపిరి, నేను ఇంట్లోనే ఉంటి. ఆమె స్త్రీల ప్రార్థనకు పోయింది. అద్దం ఎనకాల గూట్లో ఉండే ఉండలన్నీ తెచ్చి వానికిస్తి. తూకం చూసి, గ్లాసొస్తాది అన్యాడు. నాకేమో బండి మీద ఒక స్టీలు గిన్నె కనపడె, మూతతో సహా. అట్లాంటిది కావాలని ఆమె ఎప్పట్నుంచో అంటాండె. ఇంగ రవ్వన్ని ఎంటికెలుంటే గిన్నె నీదే మామా అన్యాడు వాడు.”

“రవ్వన్ని యాడ తెస్తివి?”

“ఇల్లంతా దేవులాడితి. బీరువాలో, చీరల కింద, ఇంగో చిన్న కవరు దొరికె. తెరిచి అరచేతిలో పోసుకోని చూస్తి. సన్నగా, మెత్తగా, కొంచెం...”

“కొంచెం అలలుగా.”

“ఆ. తెచ్చి తూకంలో ఏసేస్తి.”

“చిక్కు ఎంటికెలు బీరువాలో ఎవరు పెడతారన్నా?”

“ఆ బుద్ధి ఇప్పుడొస్తాంది. ఆ పొద్దు రాలేదు. గిన్నె మీదనే ఉండె నా కండ్లు.”

“వదిన ఏమనింది?”

“ఏమన్నా అనింటే బాగుండు మ్మా. మురిసిపోతాదని ఆ గిన్నెలోనే పప్పు చేసి పెట్టినా. వచ్చింది. గిన్నె చూసింది, గూడు చూసింది. బీరువా తీసింది. అంతే, ఆడనే కూలబడింది. అప్పట్నుంచి సరిగ్గా తినదు, పలకదు. ఎందుకు రెబెకా అంటే, ఏంల్యా అంటాది. పొయ్యి కాడ ఏడుస్తాది, బోరు కాడ ఏడుస్తాది. ఇరుగమ్మ పొరుగమ్మలు నేను కొట్టినానేమో అనుకుంటాండారు.”

“సవరానికి దాచుకోనింటాదన్నా. సొంత ఎంటికెల సవరమైతే జడలో కలిసిపోతాది. ఏండ్ల తరబడి పోగేస్తారు ఆడోళ్ళు.”

“నేనూ అదే అనుకున్యా.”

“వాణ్ని పట్టుకోలేకపోయినావా?”

“పట్టుకుంటి. పులివెందులలో దొరికినాడు. అప్పటికే గోడౌన్‌లో ఏసేసినాడంట. ఆడికీ పోతి. మూటలు మ్మా. పత్తి మూటల మాదిరి, కప్పు తగిలేదాకా ఎంటికెల మూటలే. నా పెండ్లాం ఎంటికెలు ఇచ్చేయండి సామీ అంటి. అందరూ నవ్విరి. ఒక ముసలాయన మాత్రం జాలిపడి, పోయి ఎతుక్కో నాయనా అన్యాడు.”

“ఎతికినావా?”

“పొద్దు మునిగేదాకా ఎతికినా. బండ మీద చెయ్యి పెడితే చాలు, యాడ గరుకుందో కండ్లు మూసుకోని చెప్తా నేను. ఆడ నా చెయ్యి పనికి రాలేదు. ఎంత తీసినా ఎంటికెలే. కడాకు, సన్నగా అలలుగా ఉండేటివి ఒక పిడికెడు ఏరుకోని వచ్చి, ఇదిగో, నీవి దొరికినాయి అని ఇచ్చినా.”

“అబద్ధం చెప్పినావు.”

“ఇంగేం చేసేది? ముక్కు కాడ పెట్టుకోని చూసింది. మడిచి నా చేతికే ఇచ్చేసింది. ఎవరు కన్న బిడ్డ ఎంటికెలో ఏమో, పారేయొద్దు అనింది.”

“అంతే అనిందా?”

“అంతే. కోప్పడలేదు కూడా. కోప్పడింటే తట్టుకునేవాణ్ని. నీ కాడ సవరాలుండాయా మ్మా? ఎంతైనా ఇస్తా.”

“ఉండాయి, ఇవిగో. కానీ చూడు, అన్నీ లావు ఎంటికెలు, నిలువుగా ఉండాయి. నువ్వు చెప్పేటి రకం సవరాలు రావన్నా.”

“కడపలో?”

“రావు.”

“యాడా రావా?”

“యాడా రావు. సన్నవి చిక్కుపడిపోతాయి, కట్టేవాళ్ళు పక్కన పడేస్తారు.”

“అయితే మొలిచేదే ఇయ్యి. ఆ పైన ఉండేదేంది, బొమ్మలో ఆ పిల్లకు మోకాళ్ళ దాకా ఉండాయి.”

“అది బొమ్మన్నా. అమ్ముకునేదాన్ని నేనే చెప్తాండా, ఏ నూనెకూ అంత శక్తి లేదు. కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోతే వాటంతటవే పెరుగుతాయి. ఏడాది ఓపిక పట్టాల.”

“తినదు గదా మ్మా.”

“నువ్వు బతిమాలు. ఇంగ సాంపు సంగతంటావా, మీ ఇంట్లో పాపుంటే దానికీ ఇదే వాడొచ్చు. తల్లివి అట్లుంటే బిడ్డవీ అట్లనే ఉంటాయి.”

“ఈ మూత ఎట్ల తీసేది?”

“ఇట్ల తిప్పు. ఉండాదా పాప?”

“వాసన బాగుండాది దీనిది.”

“మందారం వాసన. పాపకైతే ఈ క్లిప్పులు చూడు, సీతాకోకచిలకలవి, కొత్తగా వచ్చినాయి. సన్న ఎంటికెలకు పెట్టినా జారవు.”

“జారవా?”

“జారవు. మామూలు క్లిప్పులైతే బడికి పొయ్యేలోపలే జారి పడిపోతాయి, పిల్లోళ్ళు వచ్చి ఏడుస్తారు. ఇది పడదు. ఏ రంగు ఇయ్యమంటావు?”

“పసుపుపచ్చది... వద్దు. వద్దులే మ్మా, ఆడ పెట్టేయి. ఆమెది చూడు. ఆమెది మాత్రం చూడు.”

“సరేలే అన్నా, పెట్టేసినా. నీ కండ్లు కూడా వాచినట్లుండాయి, నీడన రా, ఆ స్టూలు మీద కూర్చో.”

అప్పుడే, కొంగు తల మీదికి లాక్కుంటూ, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ రెబెకా మెట్టెక్కింది.

“టీ తాగొస్తానని ఈడేం చేస్తాండావప్పా? ఆస్పత్రిలో నా పేరు పిలిచి పోయిరి.”

“ఏంల్యా రెబెకా. ఊరికే. ఈయమ్మతో రవ్వంత మాట్లాడుతాండా.”

“రా వదినా, కూర్చో. నేను అఫ్సానా, షాపు నాదే. అన్న నీ కోసమే వచ్చినాడు. నీ ఎంటికెలకు ఏం పూయాల్నో ఎంత సేపట్నుంచి అడుగుతాండాడో తెలుసా.”

“నా ఎంటికెలకా?”

“తిట్టొద్దు రెబెకా. నేను చేసిన తప్పే. పెరుగుతాయంట, ఈయమ్మ చెప్తాంది. ఏడాది పడతాదంట. నువ్వు రవ్వంత తింటే చాలంట.”

“పోదాం పా.”

“ఒక్క నిమిషం వదినా. కొంగు కొంచెం తీయి, ఒకసారి చూస్తా. కొప్పు కూడా విప్పు. ఆ, అట్ల. ... అన్నా.”

“ఏంది మ్మా?”

“సన్నగా ఉంటాయంటివి.”

“ఆ.”

“మెత్తగా, అలలుగా అంటివి.”

“అవును. నా చేత్తో చూసినా.”

“ఈమెవి లావు ఎంటికెలన్నా. నిలువుగా, తాడు పేనినట్లు ఉండాయి. నేను తీసి పెట్టిన సాంపు ఈ తలకు పనికి రాదు.”

“అట్లెట్లయితాది? నేను చూసినా గదా. చిన్న కవర్లో...”

“ఆ డబ్బాలు తీసి పెట్టేయమ్మా. మాకేం వద్దు.”

“ఉండు రెబెకా. ఉండు. ఇట్ల తిరుగు. నీవి... నీవి ఎప్పుడూ ఇట్లనే ఉన్యాయా?”

“పెండ్లయినప్పట్నుంచి ఇట్లనే ఉండాయి.”

“అయితే సన్నవి ఎవరివి?”

“పోదాం పా అప్పా. డాక్టరు పోతాడు మల్ల.”

“నేను పులివెందులలో మూటల్లో చెయ్యి పెట్టి ఎతికినా. పిచ్చోణ్ని చూసినట్లు చూసిరి అందరూ. ఎవరివని ఎతికినానో చెప్పు నాకు.”

“నాయి పోయింటే ఏడుస్తానా నేను? నాయి రేపు దువ్వితే మల్ల వస్తాయి, ప్రశాంతి నాయనా.”

“నన్ను బిడ్డ పేరుతో పిలిచి ఎన్నాళ్ళయింది నువ్వు.”

“పిలవకూడదనుకున్యా. ఇది కూడా చెప్పకూడదనుకున్యా. చెప్తే నువ్వు బతకలేవు.”

“చెప్పు.”

“సమాధి పెట్టెలో పడుకోబెట్టే ముందర బిడ్డకు కడసారి నేను తల దువ్వితి గదా. ఆ పొద్దు దువ్వెనకు వచ్చినవి అయ్యి.”