క్రేనుతో లేపిన పెన్‌డ్రైవ్

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని గాదు, మీకందరికీ ఎర్కే. మొన్న మంగళారం జేసింది గూడ పెద్ద పనేం గాదు. మా సెంటర్ల కంప్యూటర్ ఉన్నది గదా, దాంట్ల ఎన్ని టేబుళ్లున్నయో లిస్టు దీసిన, అన్నిటినీ ఒక పెన్‌డ్రైవ్‌ల నింపిన. గంతే. గాని ఆ గంతేల ఎంత కథుందో వింటరా?"

బీరయ్య ఇలా మొదలుపెడితే వద్దనేవాళ్ళు అఫ్జల్‌గంజ్‌లోని ఆ చాయ్ దుకాణం దగ్గర ఎవరూ లేరు. ముప్పై ఏళ్ళు ఆ బజార్లోనే లారీల మీది బస్తాలు దింపిన హమాలీ ఆయన. నడుము పడిపోయాక ఎదురు సందులోని రక్తం సెంటర్లో చీటీలు రాసే పనిలో చేరాడు. ఒంట్లో నెత్తురు నిలవని పిల్లలకు అక్కడ మూడు వారాలకోసారి నెత్తురు ఎక్కిస్తారు. చీటీలు పోయి కంప్యూటర్ వచ్చినప్పుడు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, ఒక్క వేలితో టైపు కొట్టడం నేర్చుకున్నాడు.

"ఏం కథుంటది? బటన్ ఒత్తితే అయిపోతది" అంది ఆండాలు. మూడు కావస్తోంది. ఆమె పాల క్యాన్లు దింపి, వాటి పక్కనే గట్టు మీద కూర్చుంది.

"బటన్ అట బటన్! ఆండాలూ, నీ బర్రెలను పిలిస్తే అన్నీ ఒక్కపారే వస్తయా? టేబుల్ అంటే కంప్యూటర్ లోపలి రిజిస్టర్ అన్నట్టు. పిల్లల పేర్లది ఒకటి, నెత్తురిచ్చేటోళ్లది ఒకటి, ఏ సంచి ఎవరికి ఎక్కిందో అది ఒకటి. ఇయ్యాల నాలుగింటికి కంపెనీ ఇంజనీరు కొత్త కంప్యూటర్ తెస్తడు, పాతదాన్ని తుడిచి పట్కపోతడు. తుడిచిండంటే లోపలున్నదంతా సాఫ్. అందుకే డాక్టరమ్మ పిలిచి, బీరయ్యా, అంతా ఒక కాపీ దీసి పెట్టు అన్నది. ఇంజనీరుకు ఫోన్ జేస్తే ఏమంటడు? 'నీతోని గాదు తాతా' అంటడు! నాకు మండింది. నా బతుకంతా గీ మాటే విన్న. బస్తా మొయ్యలేడు అన్నరు, మోసిన. అంగూఠా ఛాప్ అన్నరు, గీ బజార్ల బోర్డులు చూసుకుంట అచ్చరాలు నేర్సిన. గిప్పుడు వీడొచ్చి నాతోని గాదంటడా?"

"గుస్సా తర్వాత భాయ్, ముందు కథ చెప్పు" అన్నాడు దుకాణం మొయిన్, చాయ్ వడకడుతూ.

"చెప్తున్న గదా! కంప్యూటర్ ముందు కూసున్న. ఎన్ని టేబుళ్లున్నయో బయటికి రాండ్రి అని ఆర్డరేసిన. ఇరవై మూడు వచ్చినయి. ఒక్కొక్క పేరు నోట్‌బుక్కుల రాసుకున్న, ఇగో, చూస్కోరి." నోట్‌బుక్కు నిజంగానే తీశాడు. ఇరవై మూడు పేర్లు, వంకర అక్షరాలు, పక్కన టిక్కులు. "ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఇరవై మూడో దాని ఎనకాల నుంచి ఇంకోటి తొంగి చూసింది. దాని ఎనకాల ఇంకోటి. అన్నీ వచ్చి లైన్ల నిలబడ్డయి. లెక్క జేస్తే రెండు వందల ముప్పై!"

"గిప్పుడే ఇరవై మూడన్నవ్ గదా?"

"అది కంపెనీ లెక్క మొయిన్ భాయ్. గోదాంల ముందు వరస చూసి లెక్క జెప్పేటోడు మున్షీ. ఎనక వరస దాకా పోయేటోడు హమాలీ. సరే, పెన్‌డ్రైవ్ పెట్టిన, కాపీ షురూ అయింది. పాత డబ్బా గదా, వేడెక్కుడు మొదలైంది. ఎంత వేడి? దాని మీద గిన్నె పెడితే చాయ్ మసిలింది. నలబై మంది తాగిన్రు."

"నా దుకాణం ఎదురుంగనే ఉంటే నీ డబ్బా మీద చాయ్ ఎందుకు?"

"నీ చాయ్ కంటే మస్తున్నదన్నరు. నీ దిల్ నొచ్చుకుంటదని ఇన్ని దినాలు చెప్పలే."

గట్టు మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆ చివర కూర్చున్న ఖుద్సియా మాత్రం నవ్వలేదు. లాడ్‌బజార్ గాజులకు రాళ్ళు అతికే పని ఆమెది. వేళ్ళ మీద లక్క మరకలు. ఎదురు సందులో, సెంటర్లో, తొమ్మిదేళ్ళ కూతురు జైనబ్‌కు నెత్తురు ఎక్కుతోంది. పక్కన అమ్మమ్మ ఉంది. ఖుద్సియా చాయ్ కోసం చెల్లెలు ఫరీహాతో బయటికి వచ్చింది. ఫరీహా ఏదో ఆఫీసులో కంప్యూటర్ మీద పని చేస్తుంది. ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచి పెట్టుకుని నోరు తెరిచి వింటోంది.

"కాపీ అయింది. పెన్‌డ్రైవ్ గుంజుదామని చెయ్యి పెట్టిన. రాలే! క్వింటాలు బస్తా ఒక్క ఊపుల ఎత్తిన చెయ్యి ఇది. గుంజితే కంప్యూటర్ కింది బల్ల కాలు ఇరిగింది గాని పెన్‌డ్రైవ్ కదల్లే. ఎందుకు కదుల్తది? లోపల అంత సామానుంటే! పాత దోస్తులను పిలిచిన, నలుగురు హమాలీలు బొంగు ఏసుకోని ఎత్తిన్రు. ఆటోల పెట్టినం. ఆటో ముందు చక్రం గాలిల లేసింది. డ్రైవర్ ఆడనే ఊగుతున్నడు, ఉతార్‌దేవ్ ఉతార్‌దేవ్, దింపున్రి అని ఒకటే లొల్లి."

"మీటర్ ఎంతైంది అన్నా?" అంది ఆండాలు.

"మీటర్ భయపడి తిరగలే! గప్పుడు ధూల్‌పేట్‌కు ఫోన్ జేసిన, మా కైలాసానికి. పెద్ద పెద్ద గణపతులను లేపే క్రేన్ ఆనిది. వచ్చిండు, తాడు గట్టిండు, లేపిండు. నడుమంతరాన తాడు పటుక్కున తెగింది. పెన్‌డ్రైవ్ రోడ్డు మీద పడ్డది. ఆ దెబ్బకు మూసీల నీళ్లు ఒక్కపారి ఎనక్కి పోయి మళ్ల వచ్చినయి. గట్ల సూస్తే చార్మినార్ ఇటు దిక్కు వంగింది."

"యా అల్లా! చార్మినార్ వంగిందా?" మొయిన్ చాయ్ గంటె పైకెత్తి అట్లాగే ఆగాడు.

"ఒక ఎంట్రుకంత. ఫికర్ జెయ్యకు, మళ్ల నేనే సర్దిన."

"మేం గా దిక్కునే ఉంటం. మాకేం తెల్వలే" అంది ఖుద్సియా. ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"మీరు నమాజ్‌ల ఉండొచ్చు బిడ్డా. సరే, ఆటోతోని గాలే, క్రేన్‌తోని గాలే, ఇగ ఏం జేస్త? రుమాలు తలకు సుట్టిన, వంగిన, ముప్పై ఏండ్లు మోసినట్టే ఈపు మీద ఏసుకున్న. మళ్ల సందుల సెంటర్ దాకా మోసుకొచ్చిన. మీరు నవ్వుతున్నరు గాని ఒక్క మాట చెప్పున్రి. నాలుగు వందల పన్నెండు మంది పిల్లలున్నరు దాంట్ల. ఎవరికి ఏ నెత్తురు పడ్తది, ఎవరికి పడదు, అంతా దాంట్లనే ఉన్నది. బరువుండదా?"

ఈ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోతల ధోరణి లేదు. ఎవరూ నవ్వలేదు. అంగీ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గట్టు మీద పెట్టాడు. గోరంత ఉంది, నల్లగా.

ఖుద్సియా దాని వైపే చూసింది. "మా జైనబ్ ఉన్నదా అన్నా అందుల?"

"ఉండదా బిడ్డా!"

"పోయిన యేడు వేరే దవాఖానల నెత్తురు ఎక్కించిన్రు చూడు, ఒళ్లంతా వణికి, పిల్ల చేతికి దక్కుతదో లేదో అన్నట్టయింది. ఆ తర్వాత మీ డాక్టరమ్మనే పరీక్షలు చేయించి, ఏ నెత్తురు పడదో కనిపెట్టి కంప్యూటర్ల ఎక్కించింది. మా కాగితాలు వానకు ఇంట్ల నీళ్లొచ్చి పోయినయి. గా రాసింది ఇప్పుడు ఒక్క మీ దగ్గరనే ఉన్నది. ఒక్కసారి చూపిస్తవా?"

"చూపియ్యనీకేముంది!" అన్నాడు బీరయ్య.

ఫరీహా ల్యాప్‌టాప్ తెరిచి పెన్‌డ్రైవ్ పెట్టింది. ఒక నిమిషం చూసింది. కిందికీ పైకీ జరిపి మళ్ళీ చూసింది.

"బాపు, కాపీకి ఎంత సేపు పట్టింది?"

"మూడు పూటలు."

"నిజంగ?"

బీరయ్య గొంతు సవరించుకున్నాడు. "రెండు సెకన్లు."

"బాపు, చార్మినార్ వంచిన ఈ ఫైలు పద్దెనిమిది కేబీ ఉన్నది. మా అక్క ఫోన్ల జైనబ్ ఫొటో ఒక్కటే దీనికి రెండు వందల రెట్లు ఉంటది."

మొయిన్ గంటె కింద పెట్టేశాడు.

"అంటే?" అన్నాడు బీరయ్య.

"ఇరవై మూడు టేబుళ్ల పేర్లు ఉన్నయి. ఏ గడిల ఏం రాయాల్నో అదీ ఉన్నది. పేరు గడి, వయసు గడి, నెత్తురు గడి. కానీ గడులల్ల రాసింది ఏమీ లేదు. ఒక్క పిల్ల పేరు లేదు. కాపీ తీసేటప్పుడు రెండు టిక్కులు ఉంటయి బాపు. ఒకటి రిజిస్టర్ల గీతలకు, ఒకటి అందుల రాసినదానికి. మీరు ఒక్కటే పెట్టిన్రు."

బీరయ్య నోట్‌బుక్కు వైపు చూశాడు. ఇరవై మూడు పేర్లు, ఇరవై మూడు టిక్కులు. హమాలీకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

"బస్తాల మీద మార్కాలున్నయి" అన్నాడు నెమ్మదిగా. "బస్తాల గింజ లేదు."

"హౌ బాపు, గంతే" అంది ఫరీహా.

కోపం వస్తుందనుకున్నారు. వచ్చింది, కానీ ఎవరి మీదా కాదు. "ముప్పై ఏండ్లు మార్కా చూసినంక బస్తా తట్టి చూసేటోన్ని. ఒక్క బస్తా ఖాళీ ఉన్నా పట్టేటోన్ని. మొన్న మంగళారం... రెండు సెకన్లల అయిపోతే నా హుషారే అనుకున్న. ఇంజనీరు ముంగట ఇజ్జత్ పోవద్దని ఎవ్వలినీ అడగలే. తెరిచి సుత చూడలే." ఆయన ఖుద్సియా ముఖం చూడలేకపోయాడు. "బిడ్డా, నీ పిల్లను మోసినా అని చెప్పిన. మొయ్యలే."

ఖుద్సియా చాయ్ కప్పు పక్కన పెట్టింది. "టైం ఎంతైంది భాయ్?"

"మూడుంబావు" అన్నాడు మొయిన్.

అప్పటిదాకా ప్రతి మాటకూ ఎకసెక్కం ఆడిన ఆండాలు లేచి కొంగు దోపుకుంది. "నాలుగింటికి గదా ఆడొచ్చేది? కూసున్నవేందన్నా, లే! ఆడు ముందే వస్తే గడపల నేను కూసుంట. నన్ను దాటి డబ్బా ఎట్ల పట్కపోతడో చూస్త."

బీరయ్య లేచాడు. అరవై ఆరేళ్ళ మనిషి, నడుము పట్టేసిన మనిషి, ఆటోల మధ్యలో నుంచి చెయ్యి అడ్డం పెట్టి రోడ్డు దాటాడు. వెనక ఫరీహా, ఖుద్సియా. ఆండాలు అన్నట్టే గడపలో కూర్చుంది.

కంప్యూటర్ ముందు ఫరీహా కూర్చోబోతే బీరయ్య కుర్చీ లాక్కున్నాడు. "నేనే జేస్త. నువ్వు చూస్తుండు. తప్పు ఒత్తితే చెయ్యి మీద కొట్టు." ఒక్క వేలితో మొదటి టిక్కు పెట్టాడు. రెండో టిక్కు పెట్టాడు. ఫరీహా తలూపాక బటన్ నొక్కాడు.

ఈసారి రెండు సెకన్లలో కాలేదు. తెర మీద పచ్చ గీత నత్తలాగా జరిగింది. అవతలి గదిలో జైనబ్ అమ్మమ్మతో ఏదో వాదిస్తున్న గొంతు వినపడుతోంది. ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాలూ బీరయ్య ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన్ను ఎరిగినవాళ్ళకు అదొక్కటే నమ్మలేని సంగతి.

అయిపోయాక తానే అడిగాడు. "నీ ల్యాప్‌టాప్‌ల పెట్టు బిడ్డా. బస్తా తట్టి చూడాలె."

ఫరీహా పెట్టింది. "రెండు వందల డెబ్బై ఎంబీ." తెరిచింది. నాలుగు వందల పన్నెండు పేర్లు. వెతికితే జైనబ్ వచ్చింది. తొమ్మిదేళ్ళు, తల్లి పేరు ఖుద్సియా, కింద డాక్టరమ్మ రాసిన వరస: ఎటువంటి నెత్తురు ఈ పిల్లకు ఎక్కించకూడదో. చెల్లెలు చదివి చెప్తుంటే ఖుద్సియా రెండుసార్లు చదివించుకుంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

బయట ఆండాలు గొంతు లేచింది. "ఏయ్, ఆగు! ఎవరు నువ్వు? ఇంజనీరువా? చెప్పులు ఇప్పి, చేతులు గడుక్కోని రా!"

"రానియ్యి ఆండాలూ" అని కేకేశాడు బీరయ్య. "అయిపోయింది."

పెన్‌డ్రైవ్ తీశాడు. డాక్టరమ్మ బీరువాలో పెట్టడానికి వెళ్ళబోతూ ఖుద్సియా ముందు ఆగాడు. దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. "ఒక్కసారి పట్టి చూడు బిడ్డా. ఈపారి ఖాళీ లేదు."

గోరంత నల్ల ముక్క. లక్క మరకల అరచేతిలో అది పడగానే ఖుద్సియా చెయ్యి ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. మోకాళ్ళ దాకా వంగింది. రెండో చెయ్యి కూడా కింద ఆసరా పెట్టింది.

"అన్నా, జల్ది పట్టు" అంది. "నాతోని గాదు. మస్తు బరువున్నది."

బీరయ్య నవ్వలేదు. రుమాలు తలకు చుట్టుకున్నాడు. వంగి, రెండు చేతులతో అందుకున్నాడు.