వద్దు అన్న తర్వాత

కాదు వదినా, మీరే చెప్పండి. ఒక్క ముక్కలో తేల్చమంటే ఎలా తేలుస్తాను? ఆఫీసులో మా డైరెక్టరుగారిదీ అదే గోల, ఇక్కడ మీదీ అదే గోల. ఆయనేమో "ప్రోగ్రాం పనిచేసిందా లేదా, అది చెప్పమ్మా" అంటారు. మీరేమో "మా తమ్ముడి దగ్గరికి వస్తావా రావా, అది చెప్పు" అంటున్నారు.

అయ్యో, లేవకండి! కోపం కాదు. ఈ ఇంట్లో నా గొంతు కాక ఇంకో గొంతు వినపడి ఎన్నాళ్ళయిందో. మీ ఆడపడుచుతనం కాసేపు పక్కనపెట్టి వినండి. విన్నాక జవాబు మీకే తెలుస్తుంది.

నా ఉద్యోగమేంటో మీ ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు కదూ? "స్కూళ్ళు తిరుగుతుంది" అనేవాళ్ళు. తిరగడం కాదు వదినా. టీనేజీ పిల్లలకి ఒంటి గురించి, స్నేహాల గురించి, ప్రేమల గురించి మా సంస్థ పాఠాలు చెప్పిస్తుంది. ఒంట్లో మార్పులొస్తే ఎవర్ని అడగాలి, ఎవరైనా బలవంతపెడితే వద్దనడం ఎలా, ఇలాంటివి. ఆ పాఠాలు నిజంగా పనికొస్తున్నాయా లేదా చూసి చెప్పడం నా పని. వెనక బెంచీలో కూర్చుంటాను. పాఠానికి ముందో పరీక్ష, తర్వాత ఇంకో పరీక్ష. మార్కులు పెరిగాయా, అందరికీ సంతోషం.

ఒక స్కూల్లో మార్కులు అమాంతం పెరిగాయి. సైన్సు టీచరు తెరమీద బొమ్మలు వేసి "ఇష్టం లేకపోతే ఏమనాలి?" అని అడిగితే, క్లాసు కప్పు ఎగిరిపోయేలా "వద్దూ!" అని అరిచారు. ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటూ, నవ్వుకుంటూ. ఇంకేముంది, బ్రహ్మాండం అనుకున్నాను.

గంట కొట్టారు. అందరూ పోయారు. ఒక పిల్ల మాత్రం పోలేదు. బ్యాగు జిప్పు తీస్తుంది, వేస్తుంది, మళ్ళీ తీస్తుంది. సన్నగా ఉంటుందని దాన్ని అందరూ పిచ్చుక అంటారట.

"మేడమ్, నేను వద్దన్నాను" అంది.

మంచిపని చేశావన్నాను.

"మా క్లాసబ్బాయి ఒకడు నా ఫోను పాస్‌వర్డ్ చెప్పమన్నాడు. ప్రేమ ఉంటే చెప్తావన్నాడు. వద్దన్నాను. అప్పట్నుంచీ వాడు మాట్లాడటం లేదు. వాడి గుంపు కూడా మాట్లాడటం లేదు. నాకున్న స్నేహితులూ వాళ్ళే కదా. భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోరు. వద్దన్నాక ఏం చెయ్యాలి మేడమ్? అది పాఠంలో లేదు."

నా నోట్లో తయారుగా ఉన్న మాట ఒకటే. "నువ్వు నమ్మే పెద్దవాళ్ళెవరికైనా చెప్పాలమ్మా" అన్నాను.

"మీకే చెప్తున్నాను కదా మేడమ్!"

అంతే వదినా. నా చదువు, నా సర్వీసు, అన్నీ గాలికి పోయాయి. దాని పక్కన కూలబడ్డాను.

నాకు ఎవరు గుర్తొచ్చుంటారో మీకు చెప్పక్కర్లేదు. మీ తమ్ముడు చెయ్యెత్తలేదు, ఒప్పుకుంటాను. కేకలు కూడా వెయ్యడు. నేను దేనికైనా వద్దంటే మాట ఆగిపోయేది, అంతే. కంచం దగ్గరా మౌనమే, మంచం దగ్గరా మౌనమే. వారాలకి వారాలు. చివరికి నేనే వెళ్ళి, తప్పేమిటో కూడా తెలీకుండా, నాదే తప్పనేదాన్ని. మీరందరూ "మావాడు పల్లెత్తు మాట అనడు" అని మురిసిపోయేవాళ్ళు. నిజమే. అనడు! అదే కదా నా ఏడుపు!

తల దించుకోకండి. మిమ్మల్ని అనడం లేదు.

ఆ పిల్లతో ఏమన్నానా? ఉన్నదే చెప్పాను. బాధగా ఉంటుంది, తొందరగా పోదు, కానీ నువ్వు వెళ్ళి సారీ చెప్పకు అన్నాను. "మీకెలా తెలుసు?" అంది. తెలుసమ్మా అన్నాను. నా మొహంలోకి చూసింది. ఇంకేమీ అడగలేదు. పిల్లలకేం తెలుసనుకుంటాం గానీ, అన్నీ తెలుసు వాళ్ళకి.

దాన్ని అడిగి, అది సరేనన్నాకే సైన్సు టీచరు దగ్గరికి వెళ్ళాను. నామీద ఎగురుతుందేమో అనుకున్నా. ఆవిడేమో "నిజమే, నేను వద్దన్న దగ్గరే ఆపేస్తున్నాను" అంది.

తర్వాతి క్లాసులో తెర తీసి పక్కన పెట్టేసింది. కుర్చీలు గుండ్రంగా వేయించింది. ఎవరి పేరూ ఎత్తకుండా, "వద్దన్నాక ఏమవుతుంది?" అని అడిగింది. ఒక పొడుగు కుర్రాడు, "మరి నన్ను ఎవరైనా వద్దంటే నేనేం చెయ్యాలి టీచర్? మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అది మాకెవరూ చెప్పలేదే" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. వాడు నవ్వలేదు. మెల్లిగా వాళ్ళూ ఆపేశారు. ఇక చూడండి, మాట మీద మాట! వారంవారం అలాగే కూర్చోవడం మొదలుపెట్టారు.

రిపోర్టులో అదే రాశాను. బొమ్మలు కాదండీ, నినాదాలు కాదు. వద్దనడం ఒక్కటే నేర్పితే చాలదు, వద్దంటే వినడం కూడా నేర్పాలి. పాఠం అయ్యాక పిల్లలు వచ్చి మాట్లాడటానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి రేపూ అక్కడే ఉండాలి. అదీ పనిచేసేది, అని.

డైరెక్టరుగారు చదివారు. "బాగుందమ్మా, మరి దీనికి మార్కులేవీ?" అన్నారు. పాపం, ఆయన్ని అడిగేవాళ్ళు ఆయనకీ ఉంటారు. చివరికి పైకి వెళ్ళింది "పనిచేసింది" అన్న ఒక్క మాటే. నేను రాసిందంతా ఎవరూ తిప్పని ఆఖరి పేజీల్లోకి పోయింది.

కొన్ని నెలలయ్యాక మళ్ళీ ఆ స్కూలుకి వెళ్ళాను. భోజనాలవేళ. పిచ్చుక ఇద్దరు పిల్లల మధ్య కూర్చుని, నోటినిండా అన్నం పెట్టుకుని నవ్వుతోంది. నన్ను చూసి చెయ్యూపింది. మళ్ళీ కబుర్లలో పడిపోయింది.

నిజం చెప్పనా? లేచి వస్తుందేమోనని ఇంకాసేపు నిలబడ్డాను. రాలేదు. రాకూడదు కూడా. నాతో దానికి పని లేకపోవడమే కదా నాకు కావలసింది! ఎంత మంచి ఫలితం! ఆ ఫలితాన్ని వెంటబెట్టుకుని బస్సెక్కి, ఇంటికొచ్చి, గిన్నెలోదే నిలబడి తినేశాను.

ఏంటీ? మారాడా? మారే ఉంటాడు. మారలేదని నేను ఒట్టు వెయ్యను. కానీ చూశారా వదినా, నన్ను రమ్మని అడగడానికి కూడా మిమ్మల్నే పంపాడు. తనొచ్చి గుమ్మంలో నిలబడి ఒక్క మాట అడగలేకపోయాడు.

ఇక్కడ నేను రాణిలా ఉన్నాననుకోకండి. ఒక్కోరోజు నా తలుపుకి నేనే బెల్లు కొట్టుకుని, అప్పుడు తాళం తీస్తాను. నవ్వుకుంటే నవ్వుకోండి. అక్కడికంటే ఇదే నయం అంటాననుకున్నారా? కొన్ని రోజులు నయమే. కొన్ని రోజులు అదీ కాదు.

చీకటి పడకముందే బయల్దేరండి వదినా. రాదట అని చెప్పండి మీ తమ్ముడికి. సుఖంగా ఉందా అని అడిగితే, లేదట అని కూడా చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి దాచకండి.