చంద్రుని మీద ఆగిన కథ

1969. తెలంగాణ ఊరేగింపులో తూటా తగిలి కొడుకు పోయిన మూడో రోజు. కోరుట్ల వాగు ఒడ్డున మెతుకులు పెట్టి, తల్లీ బిడ్డా కాకి కోసం ఎదురుచూస్తున్నారు.

"తెలంగాణ అస్తదని అన్నకు చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన అవ్వా. అయినా కాకి ముట్టలే."

"ఎల్లేశంకు ఇంకేం కోరిక మిగిలె?"

"కథ రాస్తుండె. విక్టోరియా రాణి కాలంల ఒక కెప్టెన్ ఎగిరే ఓడల చంద్రుని మీదికి పోతడు. గుట్టలన్ని తిరుగుతడు. ఓడ చెడిపోయి ఆడ్నే చిక్కుకుంటడు. గాడికే రాసిండు."

"కడమది నువ్వు రాస్తనని మాటియ్యి."

"అన్నా, కెప్టెన్‌ను నేను ఇంటికి తోల్కస్త."

కాకి కొమ్మ దిగలేదు.

"ఇంకింత గట్టిగ చెప్పు బిడ్డా."

"చంద్రుని మీద గాలే లేదు, ఎంత మొత్తుకున్నా ఇనబడదని అన్ననే రాసిండవ్వా."