తొమ్మిది దాకా

షికాగో నాటకశాలలో మధ్యాహ్నం ఆటకు పది నిమిషాలుంది. బాక్సింగ్ వదిలి నటుడైన నల్లజాతి కుర్రవాడి చేతులకు అతని పాత గురువు వేషం కోసం బాక్సింగ్ పట్టీలు చుడుతున్నాడు.

"రెండో అంకంలో తెల్లవాడు కొట్టగానే పడిపోయి, పళ్ళికిలిస్తూ పాక్కుంటూ లోపలికి పోవాలంట, గురువుగారూ."

"పడటం సరే. పాకడమేంట్రా?"

"డైరెక్టర్ మాట. కాదంటే రేపు ఇంకొకణ్ణి పెట్టుకుంటాడంట."

"రింగులో పడితే ఏం చెయ్యమన్నాను?"

"ఒంటి మోకాలి మీద ఆగి, ఊపిరి తీసుకుని, రిఫరీ పది లెక్కపెడితే ఓడినట్టే కాబట్టి తొమ్మిదనగానే లెమ్మన్నారు."

"ఇవాళా అదే చెయ్యి."

"ఇక్కడ రిఫరీ లేడుగా! లెక్కపెట్టేదెవరు?"

"మనకి కింద సీట్లివ్వరుగా, బాల్కనీ నిండా మనవాళ్ళే. నీ పోటీలన్నీ చూసినవాళ్ళు."

"వాళ్ళు నోరెత్తకపోతే?"

"నేను మొదలెడతాలే. నీకోసం గొంతు చించుకోవడం నాకు కొత్తా?"

రెండో అంకంలో అతను పడ్డాడు. పాకలేదు. ఒంటి మోకాలి మీద ఆగి తల పైకెత్తాడు.

"ఒకటి!" బాల్కనీలోంచి ఒక బొంగురు గొంతు.

"రెండు!" ఈసారి పదిమంది.

అయిదు దగ్గరికి వచ్చేసరికి గురువుగారి గొంతు ఏదో పోల్చుకోవడం అతని తరం కాలేదు. బాల్కనీ అంతా లెక్కపెడుతోంది.

తొమ్మిదికి లేచాడు. నిటారుగా నడిచి లోపలికి వెళ్ళాడు.