దంతవైద్యులు యెహెజ్కేలు గారూ, లంకల అడ్డపొగా

క్రీస్తు శకం 1869వ సంవత్సరం జూలై మాసం ఐదవ తేదీన, రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డునున్న మన మిషను వైద్యశాలలో శ్రీ యెహెజ్కేలు గారు కట్లు కట్టే ఉద్యోగిగా ప్రవేశించారు. వైద్యులైన దొరగారి వద్ద పళ్లు పీకే విద్యను శ్రద్ధగా అభ్యసించి, అచిరకాలంలోనే దంతవైద్యులుగా నియమితులై, గోదావరి రెండు గట్ల ప్రజల ఆదరాభిమానాలకు పాత్రులయ్యారు.

పన్ను పీకి పంపించడం ఎవరైనా చేస్తారు. యెహెజ్కేలు గారు మాత్రం వచ్చినవారి తల వెనక్కి వాల్చి, దీపం పెట్టి, నాలుక కిందా, బుగ్గల లోపలా, అంగిలీ పరీక్షించనిదే పట్టకారు ముట్టేవారు కారు. గోదావరి పాయల నడుమనున్న మన లంకల స్త్రీలకు అడ్డపొగ అలవాటు. నాట్లలో తడికి చుట్ట ఆరిపోకుండా, పెద్దల ఎదుట నిప్పు కనబడకుండా, వెలిగిన కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. ఆ సెగకు అంగిలి తెల్లబారి, కొందరిలో మానని పుండై, చివరకు ప్రాణాంతకమైన రాచపుండుగా పరిణమించడం యెహెజ్కేలు గారు ఏళ్ల తరబడి గమనించారు. మొదట్లోనే కనిపెట్టి కోయిస్తే ప్రాణం నిలుస్తుందని దొరగారికి రుజువు చేసి చూపించారు.

ఇంతటి ప్రజ్ఞావంతులకూ నోటి దురుసు ఒకటి ఉండేది. తెల్లబారిన అంగిలి కంటబడిందా, వరండాలో కూర్చున్నవారంతా వినేలా ఆ స్త్రీని దులిపేసేవారు. నోట్లో పొయ్యి రాజేసుకున్నావా అనేవారు. మగవాళ్లు నవ్వేవారు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయేది, మరి వచ్చేది కాదు. క్రమంగా లంకల ఆడవారు లవంగనూనెతోనే సరిపెట్టుకోసాగారు. అడ్డపొగ మానేశారు కాబట్టే రావడం లేదని వైద్యశాలలోని మేమంతా సంబరపడ్డాం, యెహెజ్కేలు గారినే మెచ్చుకున్నాం కూడా.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక, వారి తల్లిగారు సంపూర్ణమ్మ గారు తాగుతున్న గంజి ముక్కులోంచి కారింది. యెహెజ్కేలు గారు దీపం తెచ్చి, జన్మలో మొదటిసారి తల్లి నోట్లోకి చూశారు. అంగిలికి పుండు పడి చిల్లి అయింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగారు.

"ఎలా చెప్పను నాయనా? ఆళ్లని ఎలా తిట్టావో నువ్వు అన్నం దగ్గర చెప్పుకుంటుంటే రోజూ ఇన్నాను. పళ్ల డాక్టరు గారి అమ్మే నోట్లో నిప్పెట్టుకుంటదంటే నీ పరువేం గాను?"

కోయడానికి అప్పటికే వేళ మించిపోయింది. ఆయన సిగ్గుతో చితికిపోయి, పని మానేస్తానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. ఆ ఆడవాళ్లను పిలిపించు, నా నోరు చూపిస్తానంది.

పడవల మీద లంకలకు కబురు వెళ్లింది, ఆడవాళ్లు వచ్చారు. అంతమంది ఎదుట కుర్చీలో కూర్చుని సంపూర్ణమ్మ గారు నోరు తెరిచారు. పక్కన దీపం పట్టుకున్న కొడుకు తల ఎత్తలేకపోయారు.

"మిమ్మల్ని నలుగురిలో అవమానించానమ్మా. మీరు రాకపోవడం నా తప్పే, క్షమించండి. ఈవిడ మా అమ్మండి."

ఆడవాళ్లు ఒక్కొక్కరే వంగి చూశారు. ఆఖరికి ఒక ముసలమ్మ నడుంలో దోపుకున్న చుట్ట తీసి పక్కన పెట్టి, తన నోరూ చూడమంది. ఆ ఏడు తొలకరికి ముందే సంపూర్ణమ్మ గారు ప్రభువు సన్నిధికి చేరారు.

అప్పటినుంచి ఆడవారికి తడిక చాటున వేరే కుర్చీ వేయించి, గొంతు తగ్గించి మాట్లాడటం వారికి నియమమైంది. అలా వేళకు పుండు బయటపడి బతికినవారు ఈనాటి వీడ్కోలు సభకు అరటి గెలలతో వచ్చారు. వారిని చూసి మేము గర్వించాం గానీ, యెహెజ్కేలు గారు కళ్లు దించుకున్నారు. ఈ సంగతి దాచి తమను పొగిడితే సన్మానానికి రానని వారే మాకు కబురంపారు.

పదవి విడిచినా, ఇక పడవ మీద లంకలకు తామే వెళతామంటున్నారు. కన్నతల్లి నోరు చూడటానికి ఆలస్యమైన ఆ కళ్లకు, ఇంకా ఎందరో తల్లుల నోళ్లను వేళకు చూసే చూపునూ, ఆరోగ్యాన్నీ, దీర్ఘాయువునూ ప్రభువు ప్రసాదించుగాక.