వెల్ల పూసిన బూట్లు

“నాయనమ్మా, నా కొత్త బూట్లు చూడు. నువ్వు ఉత్తి కాళ్లతోనే పరుగుపందేలకి పోయేదానివంట గదా?”

ఎవరు చెప్పారే, మీ నాన్నేనా? ఆఁ, ఉత్తి కాళ్లే. మా గురజాల బీళ్లల్లో అడుగేస్తే పల్లేరుకాయలు, లేకపోతే నాపరాళ్లు. అరికాళ్లు మొద్దుబారిపోయుండేయి. మా చిన్నమ్మయితే ముల్లు దిగినా చూసుకునేది గాదు, మనిషి చానా మొండి... ఏం చెప్తన్నా? బూట్లు గదా.

అప్పుడు నరసరావుపేటలో హాస్టల్లో ఉండి చదువుతున్నా. పరుగుపందేనికి పేరిచ్చా. మా నాయనకి ఇష్టం లేదు, “ఆడపిల్లకి ఉరుకులేందే?” అన్నాడు. డ్రిల్లు టీచరమ్మేమో బూట్లుంటేనే రమ్మంది. ఎవరో పాత కాన్వాసు బూట్లిచ్చారు, మట్టిగొట్టుకుపోయి ఉండాయి. క్రిస్మస్ దగ్గర పడిందని హాస్టలు గోడలకి వెల్ల వేస్తన్నారులే. నేనేం జేశా, ఆ కుండలో సున్నం తీసి బూట్లకి పట్టించా. పైన మాత్రమే గాదు, లోపల గూడా! ఎంత తెలివో చూడు. ఆరకముందే తొడుక్కున్నా.

సగం దూరం పోయేసరికి కాళ్లు భగభగ మండినయ్యి. ఆగితే నాయన మాటే నిజమవుద్దని ఆగలా. ఫస్టొచ్చా. కాదు కాదు, సెకండు. ఫస్టు ఎవరో పొడుగుపిల్ల. బూట్లిప్పితే చర్మం గూడా ఊడొచ్చింది.

తర్వాత చీము పట్టి పాదాలు ఉబ్బినయ్యి. ఆసుపత్రిలో పక్క మంచం ఆమె, “ఇట్టాగే మా మరిదికి కాలు తీసేశారమ్మా” అనింది. ఇంక చూడు నా ఏడుపు! నాయన బస్సెక్కి వచ్చాడు. తిడతాడనుకున్నా. మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడంతే. డాక్టరమ్మ కట్టు విప్పి, వేళ్లు అటూ ఇటూ వొంచి చూసి, “ఎముకకేం కాలేదు, పైచర్మమే పోయింది. బాగా నడుస్తుందిలే” అనింది. అబ్బ! నా గుండెల మీంచి బండ దించినట్టయింది. మా నాయనయితే అక్కడే కింద కూలబడి, కండవాతో మొహం కప్పుకుని ఏడ్చాడమ్మా. అంతకుముందు నేనెప్పుడూ చూళ్లేదు ఆయన ఏడవటం.

మానినాక ఇంటికి పోయా. ఒకరోజు మిరపచేను గట్టు మీద నన్ను నిలబెట్టి, “ఏదీ, ఆ చివరదాకా ఉరుకు, చూస్తా” అన్నాడు. ఆ మాట అనింది ఎవరు? ఉరుకులేందే అన్న మనిషే! ఉరికా, ఉత్తి కాళ్లతోనే. చివర్న వెనక్కి తిరిగితే, రెండు చేతులెత్తి ఇంకా, ఇంకా అని ఊపుతున్నాడు.

సరే, లేయ్. ఆ బూట్లు తొడుక్కో. నీ కాళ్లు చల్లగుండ, ఆ సందు చివరదాకా ఉరుకు తల్లీ. నేను చూస్తా.